అత్త తాగిన పసరు

పోయిన వారం మోకాళ్ల నొప్పులకని నంద్యాలలో డాక్టరు దగ్గరికి వెళితే, మాత్రలు రాసే ముందు కాలేయం పరీక్ష చేయించుకు రమ్మన్నాడు. ల్యాబులో రక్తం తీసే అమ్మాయి నేను వాడే మందులన్నీ చెప్పమంది. బీపీకి ఒకటి, షుగరుకు రెండు, కొవ్వుకు ఒకటి, ఇవన్నీ మింగుతున్నందుకు గ్యాసుకు ఇంకొకటి. చెప్పేసరికి నాకే విసుగొచ్చింది. పసర్లూ నాటుమందులూ ఏమైనా తాగుతున్నానా అని కూడా అడిగింది. లేదన్నాను. ఆ మాటకు ఆళ్లగడ్డలోని మా మేనత్త గుర్తొచ్చి, చేతికి దూది నొక్కిపట్టుకుని ఆ బెంచీ మీదే చాలాసేపు ఉండిపోయాను. ఈమధ్య ఎక్కడ కూర్చున్నా లేవాలంటే ఓపిక ఉండటం లేదు.

అత్త మా నాయనకు చెల్లెలు. ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడి హాస్టల్లో వంట చేసేది. రెండు వందల మంది పిల్లలకు పొద్దున బొరుగుల ఉగ్గాని, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రికి సంగటి. లోకంలో ఉప్పు ఎంత వెయ్యాలో తనకొక్కదానికే తెలుసని ఆమె నమ్మకం. ఎవరింటి పెళ్లికి వెళ్లినా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మూతి తిప్పేది. ఆ గర్వం ఆమెకు ఒంటి మీద నగలాగే ఉండేది, వేరే నగలేవీ లేవు మరి. మామ రెండెకరాల సేద్యం చేసుకునే మనిషి, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

ఒక చలికాలం ఆమెకు దగ్గు పట్టుకుని వదల్లేదు. సాయంత్రాలు జ్వరం. నంద్యాలకు మా ఇంటికి పిలిపించి పరీక్ష చేయిస్తే టీబీ అన్నారు. ఆరు నెలలు మాత్రలు మింగితే పోతుందని, భయం లేదని చెప్పారు. ఆమె భయం జబ్బు గురించి కాదు. మా ఇంటి గడప మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "ఈ మాట మీ మామకు గూడా తెలీగూడదు పాపా. తెలిస్తే నన్ను మళ్లా పొయ్యి కాడికి రానీరు," అంది. సరేనన్నాను. ఆస్పత్రిలో నా చిరునామా రాయించింది. కాలు బెణికిందని మామకూ హాస్టల్లోనూ చెప్పి, దగ్గు తగ్గి, ఇక ఎవరికీ అంటదని డాక్టరు అనేదాకా నా దగ్గరే ఉంది. తర్వాత మాత్రలు సంచిలో దాచుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది. ఆరోగ్య కార్యకర్త మా ఇంటికొచ్చి మాత్రలు సరిగ్గా వేసుకుంటోందా అని అడిగినప్పుడల్లా, బజారుకు వెళ్లిందనీ, వేళకు మింగుతోందనీ చెప్పేదాన్ని. ముప్పై ఏళ్లు పంతులమ్మగా ఉండి, అబద్ధాలాడిన పిల్లల చెవులు మెలిపెట్టిన దాన్ని నేను.

నెల తిరక్కుండానే అత్త కళ్లు పచ్చబడ్డాయి. మా వైపు కామెర్లంటే డాక్టరు గుర్తుకు రాడు, సంజామల దగ్గర ఒక పల్లెలో పసరు పోసే తాత గుర్తుకొస్తాడు. ఆదివారం తెల్లవారుజామునే, పరగడుపున తాగాలి. అలా మూడు ఆదివారాలు. ఉప్పూ కారమూ నూనే లేని చప్పిడి పత్యం. అన్నిటికంటే ముఖ్యం, పసరు తాగినన్నాళ్లు ఇంగ్లీషు మందు ముట్టకూడదు. అత్త చర్చికి వెళ్లే మనిషి. మూడు ఆదివారాలు ప్రార్థన ఎగ్గొట్టి, పాస్టరుగారికి ప్రతిసారీ బంధువుల ఇంట్లో చావు అని చెప్పింది. ఆ మూడు వారాల్లో మా వంశంలో ఎంతమంది పోయారో ఆ దేవుడికే తెలియాలి. టీబీ మాత్రలూ మానేసింది, నాకు చెప్పలేదు. నెలకల్లా కళ్లు తెల్లబడ్డాయి. పసరు గొప్పతనం వీధంతా చాటింది, ఆమె మాట విని ఇంకో నలుగురు సంజామల వెళ్లారు.

దగ్గు తిరిగి మొదలైనప్పుడు గానీ మాత్రలు మానేసిన సంగతి బయటపడలేదు. నాకు ఒళ్లు మండింది. డాక్టరును అడగాలన్న బుద్ధి కూడా లేకుండా, అన్నీ ఈ రోజే మొదలుపెట్టమని ఫోన్లో కసిరాను. పెట్టింది. పది రోజులకు మామ ఫోను చేశాడు, మళ్లీ పచ్చబడిందనీ, వాంతులనీ, రేపు ఆదివారం పసరుకు తీసుకెళ్తున్నాననీ. మొదటి బస్సుకే వెళ్లాను. అప్పటికే వాకిట్లో ఆటో ఆగి ఉంది. ఆమె మంచం మీద మగతగా పడి ఉంది, గోళ్లు కూడా పసుపు. నన్ను చూడగానే నేనెందుకొచ్చానో ఆమెకు అర్థమైపోయింది. నా కొంగు పట్టుకుంది.

"చెప్పొద్దు పాపా. నీ కాళ్లు పట్టుకుంటా."

కొంగు విడిపించుకుని వాకిట్లోకి వెళ్లి, మామకు మొత్తం చెప్పాను. నామీద కోప్పడతాడనుకున్నాను. ఆయన ఆటో అతనితో, "సంజామలకు కాదప్పా, నంద్యాలకు పోనీ," అన్నాడు.

నంద్యాలలో డాక్టరు మమ్మల్ని తిట్టలేదు, అలిసిపోయినవాడిలా మెల్లగా చెప్పాడు. "మొదటిసారి తగ్గింది పసరుతో కాదమ్మా, మాత్రలు ఆపినందుకు. ఆ మాత్రలు కొందరి కాలేయానికి పడవు. కళ్లు పచ్చబడిన రోజే వచ్చి ఉంటే సరిపోయేది." అన్నీ ఆపి, కాలేయం తేరుకున్నాక ఒక్కొక్క మందే మళ్లీ మొదలుపెట్టి, మధ్య మధ్య రక్తం పరీక్షించారు. దాదాపు ఏడాది పట్టింది. జబ్బు పూర్తిగా పోయింది, కాగితం కూడా ఇచ్చారు. నేను వాకిట్లో అన్న మాట అప్పటికే హాస్టల్ దాకా పోయింది, ఆ కాగితాన్ని అక్కడ ఎవరూ చదవలేదు. విశ్రాంతి తీసుకోమ్మా అని మర్యాదగా చెప్పి వేరే మనిషిని పెట్టుకున్నారు. అత్త నాతో మాట్లాడటం మానేసింది. పెళ్లిళ్లలో ఎదురుపడితే నా పక్క మనిషిని పలకరించి వెళ్లిపోయేది. మొదట్లో ఏడ్చేదాన్ని, తర్వాత ఏడవడం కూడా అలవాటు తప్పింది.

అలా తొమ్మిదేళ్లు. నిరుడు అత్త వయసు మీదపడి పోయింది. మట్టి చేసి వచ్చాక మామ నా పక్కన కూర్చున్నాడు.

"మీ అత్త నిన్ను తిట్టుకోని దినం లేదు పాపా," అన్నాడు. "తిట్టేదానికైనా బతికింది గదా."

కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. అత్త కోపాన్ని మాన్పలేకపోయింది, ప్రయత్నించడానికి మాత్రం దానికి తొమ్మిదేళ్లు దొరికాయి.