మంచానికి కట్టిన సముద్రం

కరెంటు పనిలో నేను చాలా తప్పులు చేశాను. వాటిలో చాలావరకు ఫ్యూజు కొట్టేసి అక్కడితో ఆగిపోయాయి. ఇప్పుడు చెప్పబోయేది అలా ఆగలేదు. ఒక పెద్దమనిషి దోహాలో ఆఖరిసారి గిటారు వాయించే రోజున, ఆయన సముద్రాన్ని నేను నిలువునా ఎండగట్టాను. మీరు నవ్వుకోవచ్చు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

అప్పటికి నేను ఖతర్ వచ్చి ఏడాది కాలేదు. ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఎలక్ట్రీషియన్‌ని. జగిత్యాల నుంచి ఐటీఐ సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి మరీ తెచ్చుకున్నాను కాబట్టి, కరెంటు కనిపెట్టినవాడి తర్వాత నేనే అన్న నమ్మకంతో తిరిగేవాణ్ణి. అల్ దోహా అల్ జదీదాలో ఒక గదిలో నలుగురం ఉండేవాళ్ళం. కింది మంచం నాది, పై మంచం సలీం భాయ్‌ది. ఆయనది హైదరాబాద్. అక్కడ పెళ్ళిళ్ళలో మర్ఫా డప్పులు వాయించేవాడు. ఇక్కడ మా కంపెనీలో డ్రైవరు, సెలవు రోజున మాత్రం ఒక బ్యాండులో డ్రమ్ములు కొట్టేవాడు.

"ఏం పాటలు పాడ్తరు భాయ్?" అని ఒకసారి అడిగాను.

"పాటల్ గీటల్ లేవ్ మియా. సిర్ఫ్ గిటార్. దర్యా కా మ్యూజిక్, సముద్రం లెక్క."

"పాట లేకుంట బ్యాండేంది? పిలగాడు లేని బారాత్ లెక్క!"

ఆ బ్యాండు పెద్ద రామోన్. ఫిలిప్పీన్స్ మనిషి, మా కంపెనీలోనే డ్రాఫ్ట్స్‌మన్, అరవైకి దగ్గర పడ్డాడు. అందరూ ఆయన్ని 'కుయా' అనేవాళ్ళు. అంటే వాళ్ళ భాషలో అన్న. ఆయన వాయించేది సర్ఫ్ రాక్. అరవై ఏళ్ళ కిందట అమెరికా పడమటి తీరంలో, పలకల మీద నిలబడి కెరటాలపై స్వారీ చేసే కుర్రాళ్ళ మధ్య పుట్టిన సంగీతమట. మొదటితరం వాళ్ళు పాడే మనిషినే పక్కనపెట్టి, గిటారు తీగల మీదే కెరటం లేపారట. ఆ రికార్డులు విని కుయా మేనమామ తమ రేవు పట్టణంలో మొట్టమొదటి సర్ఫ్ బ్యాండు పెట్టాడు. ఆయన వాడిన యాంప్లిఫయరే ఇప్పుడు కుయా దగ్గరుంది.

కుయా ఉద్యోగం ముగించుకుని ఊరికి వెళ్ళిపోతున్నాడు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఒక చిన్న హాల్లో ఆఖరి ప్రోగ్రాం. ఎనభై దాటిన మేనమామ ఫోన్లో వీడియో కాల్ పెట్టుకుని వింటాడు. రెండు రోజుల ముందు కుయా ఆ యాంప్లిఫయర్ తెచ్చి నా చేతికిచ్చాడు.

"తమ్ముడూ, ప్లగ్గు వైరు లూజుగా ఉంది. అదొక్కటీ మార్చు. చాలు."

ఆయన హిందీ, నా ఇంగ్లీషు కలిసి అయిదు నిమిషాల్లో చెప్పుకున్న మాటల్లో నాకు అన్నీ అర్థమయ్యాయి, 'చాలు' అన్నది తప్ప.

వైరు మార్చడం పది నిమిషాల పని. మార్చాను. కానీ పెట్టెను నేలమీద దించగానే లోపల పిడుగు పడ్డట్టు ఢణఢణమంది. మైకు తగిలించి "హలో" అంటే బావిలో పడ్డవాడు కేక వేసినట్టు వినిపించింది. 'పాపం కుయా! ఇన్నేళ్ళుగా రిపేరుతోనే నెట్టుకొస్తున్నాడు' అని జాలిపడ్డాను. చదువుకున్నవాడి జాలి చాలా ప్రమాదం.

అడుగున విప్పితే ఒక రేకు డబ్బా. అందులో సన్నటి స్ప్రింగులు మూడు వేలాడుతూ, ఊపిరి తగిలినా వణుకుతున్నాయి. ఈ వణుకే రోగమని తేల్చేశాను. స్ప్రింగులు పీకి డబ్బా మూసేశాను. మళ్ళీ "హలో" అంటే వార్తలు చదివేవాడి గొంతులా శుభ్రంగా పలికింది. నా భుజం నేనే తట్టుకున్నాను.

ఇక మిగిలిన స్ప్రింగులు. పారేయడానికి మనసొప్పలేదు. నా మంచానికి అడ్డంగా కట్టుకున్న లుంగీ పరదా తాడు అప్పటికే తెగి ఉంది. మూడింటినీ కొక్కేనికి కొక్కెం తగిలించి, రెండు చివర్లా గుడ్డపీలికలు ముడేసి, లాగి కట్టాను.

"పర్దా మస్తుగ జరుగుతుంది రా!" అని సలీం భాయ్ మెచ్చుకున్నాడు కూడా.

శుక్రవారం రెండింటికి హాల్లో కుయా గిటారు మీటాడు. టక్. ఇంకోసారి మీటాడు. టక్ టక్. రోట్లో ఎండుమిరపకాయలు దంచినట్టుంది. ఆయన ముఖం పాలిపోయింది.

"సముద్రం ఏది?" అన్నాడు.

"కార్నిష్ రోడ్డు దిక్కున ఉంటది కుయా" అన్నాను, దారి అడిగాడనుకుని.

"ఇందులో సముద్రం ఏదీ అంటున్నాను! నీటి చప్పుడేదీ? స్ప్రింగులేవీ?"

అప్పుడు తెలిసింది. గిటారు మోత ఆ స్ప్రింగుల్లో పడి వణికితేనే కెరటంలా పొర్లుకుంటూ బయటికొస్తుంది. ఆ సంగీతానికి ప్రాణమే ఆ వణుకు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ మందు అడిగినవాడు కూడా లేడు.

"కుయా... అవి నేనే తీసిన."

"ఎక్కడున్నాయి?"

"నా మంచానికి... పరదా కట్టిన."

జుమ్మా నమాజు, భోజనం ముగించుకుని అప్పుడే వచ్చిన సలీం భాయ్ నెత్తి పట్టుకున్నాడు. "అరే, ఆ పర్దావా! నేను మస్తుందన్న గదరా! యల్లా, బండెక్కు!"

దారంతా ఆయన తిట్టినవి ఇక్కడ రాయను. గదికి ఉరికి, లుంగీతో సహా పీక్కుని వెనక్కి వచ్చాం. రెండు స్ప్రింగులు బాగానే ఉన్నాయి. మూడోది లాగుడికి సాగి, పెళ్ళి భోజనం చేసినవాడి పొట్టలా వేలాడుతోంది. అయినా దాన్నీ బిగించాను. దాని బదులు నన్నే డబ్బాలో వేలాడదీస్తే సరిపోయేదనిపించింది. కుయా పక్కనే నిలబడి నాకు టార్చి పట్టాడు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

నాలుగింటికి ఫోన్లో ముసలాయన కనిపించాడు. కుయా తీగ మీటాడు. హాలు నిండా నీళ్ళు పొర్లినట్టు మోగింది. మాటలేని ఆ పాటకి మా కంపెనీ మనుషులు కూడా లేచి నిలబడ్డారు. సలీం భాయ్ మర్ఫా దరువుతో డ్రమ్ములు దంచేశాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సగం సంగీతానికి, సగం బతికిపోయినందుకు.

పాట అయ్యాక ముసలాయన ఫోన్లో ఏదో అన్నాడు. కుయా పగలబడి నవ్వి, ఆ రోజంతా ఎవరూ ముట్టని మైకు అందుకున్నాడు.

"అంతా బాగుందట. ఒక్క కెరటం మాత్రం కుంటుతోందట. ఆ కెరటం ఇవాళ మధ్యాహ్నందాకా ఈయన మంచం మీద పడుకుంది!" అని వేలెత్తి నన్ను చూపించాడు. హాలు గొల్లుమంది.

ఆ రోజే స్క్రూడ్రైవర్ గుండెకు ఆనించి ప్రమాణం చేశాను: 'ఈ చప్పుడు తమరికి కావాలా వద్దా' అని యజమానిని అడగకుండా, ఈ జన్మలో ఏ యంత్రం నోరూ మూయించను.

మొన్న అల్ అజీజియాలో ఒక విల్లాకు పోతే ఏసీ ఏనుగులా ఘీంకరిస్తోంది. ఇంటాయన నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాడు.

"సార్, ఈ చప్పుడు మీకు కావాలా?" అని వినయంగా అడిగాను.

ఆయన మా కంపెనీకి ఫోన్ చేసి ఇంకో ఎలక్ట్రీషియన్‌ని పంపమన్నాడు. అయినా సరే, ప్రమాణం ప్రమాణమే.