నేను సంతకం పెట్టిన తీపి

2003 జూన్‌లో మా పొగాకు కంపెనీ నన్ను ఖమ్మం ఆఫీసు నుంచి పినపాక వైపు గోదావరి ఒడ్డున కొత్తగా తెరిచిన కొనుగోలు కేంద్రానికి బదిలీ చేసింది. హోదా సీనియర్ లీఫ్ టేస్టర్. ఆకును చూసి, ముట్టుకుని, వాసన పట్టి, చివరికి కాల్చి, అది ఏ తరగతిదో రాసి సంతకం పెట్టడం నా పని. నా కింద ఇద్దరు గ్రేడర్లు. నా పైన లీఫ్ మేనేజర్ రామనాథం గారు. ఆయన కోస్తాలోని ఫ్యాక్టరీలో ఉండేవారు, వారానికోసారి ఫోన్ చేసేవారు. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ల సర్వీసు. నా నాలుక మీద నాకు గర్వం ఉండేది. ఆ సంగతి దాచుకోవడం ఎందుకు?

బదిలీకి కారణం ఒక కొత్త సరుకు. పెద్ద హోటళ్లలో అమ్మే విదేశీ సిగార్ మామూలు ఉద్యోగి కొనలేడు. మన ఊళ్లలో దొరికే చుట్ట గొంతు పట్టేస్తుంది. ఈ రెండింటికీ మధ్య, జీతం మీద బతికే మనిషి నెలకొకటి కొనుక్కుని గంటసేపు తీరిగ్గా కాల్చుకోగలిగిన మేలు రకం సిగార్ తయారు చేయాలని కంపెనీ అనుకుంది. సిగార్‌లో మూడు రకాల ఆకు ఉంటుంది. పైన నున్నగా కనిపించేది రేపర్, దాని కింద గట్టిగా పట్టి ఉంచేది బైండర్, లోపల కూరేది ఫిల్లర్. రుచిలో ఎక్కువ భాగం ఫిల్లర్‌దే. అది గోదావరి ఒండ్రులో పండాలి, దాన్ని వెతికి పట్టుకోవలసింది నేను.

సిగార్ రుచి చూడడమంటే గుప్పుగుప్పున పొగ వదలడమని చాలామంది అనుకుంటారు. ముందు వెలిగించకుండానే గాలి లాగి చూస్తాం. అప్పుడు తగిలేది ఆకు అసలు వాసన. తరవాత అగ్గిపుల్ల గీసి, గంధకం వాసన పోయేదాకా ఆగి, మంట తగలకుండా కొసను తిప్పుతూ వెచ్చచేసి అంటిస్తాం. నిమిషానికి ఒక్క దమ్ము. పొగను గొంతులోకి దించం. నోట్లోనే తిప్పి, కాస్త ముక్కులోంచి వదిలి, మిగిలింది బయటికి పంపిస్తాం. సిగార్‌ను మూడు భాగాలుగా లెక్కపెట్టి ఒక్కో భాగానికి విడిగా మార్కులు వేస్తాం. మొదటి భాగంలో అన్నీ మంచిగానే ఉంటాయి. ఆకు బండారం మూడో భాగంలో, వేడెక్కాక బయటపడుతుంది. మధ్యలో మంచినీళ్లు, ఉప్పులేని బిస్కెట్టు. రోజుకు మూడింటికి మించి కాలిస్తే నాలుక మొద్దుబారుతుంది. సీజన్‌లో పచ్చడి, వెల్లుల్లి, పచ్చిమిరపకాయ పూర్తిగా బంద్. ఖమ్మం మిర్చి మీద పెరిగిన మనిషికి అది చిన్న శిక్ష కాదు. “మీ నాలుకకు కంపెనీ జీతమిస్తోంది సరే, నాకెందుకండీ ఈ చప్పిడి కూరలు?” అని మా ఆవిడ దెప్పేది.

మొదటి ఏడాది ప్రయోగంగా ఒక్క రైతు చేత వేయించాం. ముత్తయ్య అని నలభై దాటిన కోయ రైతు. మాటలు తక్కువ, పని ఎక్కువ. గోదావరి వరద తీశాక నాటు వేసి, చెప్పిన రోజున మొక్కల తలలు తుంచి, ఫిబ్రవరిలో ఆకు కోసి తోరణాలు కట్టి ఆరబెట్టాడు. 2004 మే నెలలో శాంపిల్ తెచ్చి ఇచ్చాడు. దాన్ని చుట్టించి కాల్చాను. రెండో భాగంలోకి వచ్చేసరికి ఎండుద్రాక్షలాంటి తీపి వాసన ఒకటి పొగలో మెల్లగా లేచింది. కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. అన్ని సంవత్సరాల్లో ఏ దేశవాళీ ఆకులోనూ అలాంటిది నాకు తగలలేదు.

ఫ్యాక్టరీలో నాతో కలిపి అయిదుగురు టేస్టర్ల బృందం కాల్చింది, అయిదుగురూ మెచ్చుకున్నారు. రిపోర్టులో నేను ‘ఈ ఒండ్రు నేలకు సహజమైన తీపి’ అని రాసి సంతకం పెట్టాను. ఆ ఒక్క వాక్యం మీద సరుకు ఖాయమైంది. ఆ వాక్యం మీదే మరుసటి సీజన్‌కు ముత్తయ్య గూడెంలో అతని ఇంటితో కలిపి తొమ్మిది కుటుంబాలు పత్తి మానేసి మా పొగాకు వేశాయి. వాళ్ల దగ్గరికి వెళ్లి వేయమని చెప్పింది కూడా నేనే.

2005 ఏప్రిల్‌లో ఆ పంట వచ్చింది. కంపెనీ వేయించిన రేకుల షెడ్డులో వరసలుగా ఆరిన ఆకు చూడడానికి చక్కగా ఉంది. రంగు సమంగా, ఈనె సన్నగా, చేతిలో నలిపితే మెత్తగా. చుట్టించి కాల్చాను. బాగానే కాలింది. తీపి లేదు. రెండో ఇంటి ఆకు కాల్చాను, లేదు. మూడో ఇంటిది, లేదు. మర్నాడు మళ్లీ మూడు ఇళ్లవి, ఆ మరుసటి రోజు మిగిలిన మూడు. ఎక్కడా లేదు.

రామనాథం గారికి ఫోన్‌లో చెప్పాను. శాంపిల్‌తో సరిపోలని సరుకు కొనడానికి రూల్ ఒప్పుకోదని, రెండు వారాలు చూసి తిరగ్గొట్టమని ఆయన అన్నారు. అందులో ఆయన తప్పేమీ లేదు. కానీ చుట్ట వ్యాపారులు అప్పటికే కొనుగోళ్లు ముగించి వెళ్లిపోయారు. మేము వద్దంటే ఆ తొమ్మిది కుటుంబాల ఏడాది పంటకు దిక్కు లేదు. ఆ రెండు వారాల్లో తీపి ఎక్కడికి పోయిందో తేల్చి తీరాలని పట్టుబట్టాను. మొదట్లో నా పట్టుదల కంటే నా అహంకారమే ఎక్కువ పనిచేసింది. నా నాలుక తప్పయ్యే అవకాశం ఉందని నాకు తట్టనే లేదు. అందుకే ముందు రైతుల్ని అనుమానించాను.

యూరియా ఎక్కువైతే ఆకు రుచి చెడుతుంది. నేరుగా ముత్తయ్య దగ్గరికి వెళ్లి, ఎన్ని బస్తాలు వేశావని నిలదీశాను. అతను చేస్తున్న పని ఆపి నా మొహంలోకి చూశాడు.

“మీరు ఎయ్యొద్దన్నరు, ఎయ్యలే. గిట్ల దొంగను అడిగినట్టు అడుగుడేంది సారూ? నన్ను జూసే కదా వీళ్లంత ఏసింది. రేపు వాళ్లకు నేనేం జెప్పాలె?”

నాకు సిగ్గేసింది. అయినా వదల్లేదు. నేల మట్టి తీయించాను, బోరు నీళ్లు పరీక్షకు పంపాను, కోత తేదీలు ఇంటింటికీ రాసుకున్నాను. అన్నీ నిరుటిలాగే ఉన్నాయి. పది రోజులు గడిచాయి.

ప్రతి శాంపిల్‌లోనూ కొంత ఆకును గాలి చొరని డబ్బాలో దాచడం మా పద్ధతి. తగాదా వస్తే పోల్చి చూసుకోవడానికి. నిరుటి డబ్బా తీసుకుని ముత్తయ్య ఇంటికి వెళ్లాను. అలవాటుగా పంచలో మంచం వేశారు. మూత తీసి పాత ఆకు, కొత్త ఆకు పక్కపక్కన పెట్టి ముత్తయ్యకు చూపిస్తున్నాను. వాళ్లమ్మ సమ్మక్క గుమ్మం దగ్గర కూర్చుని తునికాకులో పొగాకు చుట్టుకుంటోంది. ఆమెకు డెబ్బై ఏళ్లు ఉంటాయి. ఒళ్లు వంగింది కానీ చూపు వంగలేదు. చెయ్యి చాపి పాత ఆకులో ఒక తునక అడిగింది. కంపెనీ రూల్ ప్రకారం ఆ డబ్బాలో ఆకు బయటివాళ్లకు ఇవ్వకూడదు. ఇచ్చాను.

ఆమె తునకను అరచేతిలో నలిపి, దాని మీద నోటితో వెచ్చటి గాలి ఊది, ముక్కు దగ్గర పెట్టుకుంది. వెలిగించనే లేదు. కొడుకు వైపు తిరిగి కోయ భాషలో ఏదో గట్టిగా అంది. ముత్తయ్య తల దించుకున్నాడు. అప్పుడు నాతో అంది:

“గిది మా అటక మీది ఆకు సారూ. ఇప్పపువ్వు వాసన పట్టింది. పువ్వున్న కాడ పొగాకు పెట్టొద్దురా, పువ్వు కరాబైతదని జెప్పిన. ఇన్లే. కంపినీ ఆకు, వానకు తడుస్తదని లోపల పెట్టిండు.”

ఆ గూడెంలో ఏ ఇంట్లోనూ ఇప్పపువ్వూ పొగాకూ ఒకే కప్పు కింద ఉంచరు. పువ్వు తిండి, పొగాకు వాసన అంటితే పనికిరాదు. నిరుడు ఏప్రిల్‌లో గాలివానలు పడ్డాయి. ముత్తయ్య దగ్గరున్నది కొద్దిపాటి ఆకు, దాని మీద కంపెనీ ఆశ పెట్టుకుంది. ఇంట్లో అన్నిటికంటే పొడిగా, భద్రంగా ఉండే చోటు అటక. ఎండిన పువ్వు బుట్టల మీద చాప పరిచి దాని మీద ఆకు పెట్టాడు. మా సరుకు మీద గౌరవంతో ఇంటి పద్ధతి తప్పాడు. మూడు వారాలు పువ్వు మీద ఉన్న ఆకు ఆ వాసనంతా పీల్చుకుంది. ఈ ఏడాది షెడ్డు ఉంది కాబట్టి అటక అవసరం పడలేదు.

లోపలికి రమ్మంది సమ్మక్క. రెండేళ్లుగా ఆ ఇంటికి వెళ్తున్నాను, గడప దాటడం అదే మొదలు. అటక కింద నిలబడగానే అదే తీపి వాసన తగిలింది. ఎండుద్రాక్ష కాదు, ఒండ్రు నేల కాదు. అయిదుగురు నిపుణుల్లో ఒక్కడూ ఎండిన ఇప్పపువ్వు వాసన ఎరగడు. ఎరగాల్సినవాణ్ని, ఆ పూల మధ్య ఉద్యోగం చేస్తున్నవాణ్ని, నేను.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. రామనాథం గారు అంతా విని, ఆకు మండెల్లో పువ్వు కలిపితే సరిపోతుంది కదా, ఎవరికి తెలుస్తుంది అన్నారు. మండె అంటే ఆకును కుప్పగా పేర్చి లోపలి వేడికి మాగబెట్టడం. ఆ ఆలోచన నాకూ రాకపోలేదు. పరువు దక్కేది, సరుకు అమ్ముడుపోయేది. కానీ నేను సంతకం పెట్టింది ఆకు మీద. పువ్వు కలిపి ఆకు పేరు చెప్పడం నావల్ల కాదన్నాను. తప్పు నాదని రాతపూర్వకంగా ఇస్తానని, ఈ ఏడాది ఆకును పాత శాంపిల్‌తో పోల్చకుండా, పేరు చెప్పకుండా బృందం చేత కాల్పించమని, మాగడానికి ఆరు వారాలు గడువు ఇవ్వమని అడిగాను. ఆయన ఒప్పుకున్నారు, బృందంలో నా స్థానం మాత్రం పోతుందని ముందే చెప్పారు. పోనివ్వండి అన్నాను. అన్నంత తేలిగ్గా మాత్రం లేదు. ఆ స్థానం కోసం పన్నెండేళ్లు సీజన్‌లో పచ్చడి మెతుకు ముట్టలేదు.

ఆరు వారాలూ షెడ్డులోనే ఉన్నాను. మండె మరీ వేడెక్కితే ఆకు మాడుతుంది, చల్లబడితే పచ్చివాసన మిగిలిపోతుంది. సమయానికి విప్పి, లోపలి ఆకు బయటికీ బయటి ఆకు లోపలికీ మార్చాలి. తొమ్మిది కుటుంబాలూ వంతులు వేసుకుని వచ్చాయి. మే ఎండలో రేకుల కింద ఒక్కరూ పని మధ్యలో వదిలి వెళ్లలేదు. థర్మామీటర్ నా చేతిలో ఉండేది. సమ్మక్క మోచేతిదాకా మండెలో చెయ్యి దూర్చి, “ఇయ్యాల ఇప్పాలె,” అనేది, లేదా “రేపు జూద్దాం,” అనేది. మొదటి వారం ఆమె మాటను థర్మామీటర్‌తో సరిచూసుకున్నాను. ఆ తరవాత థర్మామీటర్‌నే ఆమె మాటతో సరిచూసుకున్నాను. ముత్తయ్య నాతో మునుపటిలా మాట్లాడడానికి మూడో వారం దాకా పట్టింది. యూరియా మాట అన్నందుకు నన్ను మన్నించమని అడిగాను. “ఆకు పోతే అప్పుడు జూస్త,” అన్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు.

జూలైలో బృందం ముందు రెండు రోజుల్లో అయిదు సిగార్లు పెట్టారు. లేబుల్ లేదు, అంకెలు మాత్రమే. మాది నాలుగోది. నన్ను గది బయట కూర్చోబెట్టారు. ఫలితం కాగితం మీద వచ్చింది. మొదటి స్థానం రాలేదు, రెండోది వచ్చింది. ‘సాఫీగా కాలింది, బూడిద తెల్లగా నిలిచింది, మూడో భాగంలోనూ చేదు లేదు’ అని ముగ్గురు రాశారు. తీపి గురించి ఎవరూ రాయలేదు. తొమ్మిది ఇళ్ల ఆకునూ ఫిల్లర్‌గా కంపెనీ తీసుకుంది. నన్ను బృందం నుంచి తొలగించి రెండేళ్లు గోడౌన్ లెక్కలకు వేశారు. అది న్యాయమే.

దీపావళి ముందు సిగార్ మార్కెట్‌లోకి వచ్చింది. ఒకటి పట్టుకెళ్లి సమ్మక్కకు ఇచ్చాను. ఎర్రటి కాగితం పట్టీ ఊడదీసి మనవరాలి వేలికి చుట్టి, తీరిగ్గా కాల్చింది. మేము మూడు భాగాలన్నాం కదా, ఆమె మూడో భాగం దాకా ఒక్క మాట అనలేదు. చివరికి అంది:

“మంచిగున్నది సారూ. దీంట్ల ఏం లేదు. ఉత్త ఆకే.”

గోడౌన్ నుంచి తిరిగొచ్చాక, 2014లో రిటైరయ్యేదాకా రిపోర్టు రాసేటప్పుడల్లా ఆ మాటే కొలతగా పెట్టుకున్నాను. నాలుక తనకు తెలిసినదాన్ని మాత్రమే గుర్తుపడుతుంది. తెలియనిది తగిలితే దానికి గొప్ప పేరొకటి పెట్టి ఊరుకుంటుంది. అందుకని కొత్త రుచి ఏది తగిలినా సంతకం పెట్టేముందు ఆ ఆకు నిలవ ఉన్న ఇంటికి వెళ్లి, లోపలికి రానిమ్మని అడిగేవాణ్ని.