వంటింట్లో గడియ పెట్టుకున్న పిల్ల

మా మూడో పిల్లకి రెండున్నరేళ్లు వచ్చేసరికి నేను బాగా అలిసిపోయాను. పదేళ్ల కొడుకూ, ఎనిమిదేళ్ల కూతురూ చెబితే వినే పిల్లలు. ఈ చంటిది మాత్రం "నేనే" అన్న ఒక్క మాటతో ఇల్లంతా ఏలేది. చెప్పులు తనే వేసుకోవాలి, అన్నం తనే కలుపుకోవాలి. మనం చెయ్యి పెడితే నేల మీద పడి దొర్లడమే. వద్దన్న పని ముందు చేసేది. అన్న పుస్తకం చింపినా, అక్క బొమ్మ విరగ్గొట్టినా "చిన్నది కదా, ఊరుకోండి" అని పెద్దపిల్లలిద్దరికే సర్దిచెప్పేదాన్ని. దీనివల్ల వాళ్లకి అన్యాయం జరుగుతోందన్న దిగులు నన్ను వదిలేది కాదు.

నరసాపురంలో మేముండే అద్దె ఇంటి వంటగది తలుపుకి లోపలివైపు, అడుగున ఒక గడియ ఉండేది. మేమెప్పుడూ వాడలేదు. ఒక ఆదివారం పొద్దున్న స్టవ్ మీద సన్నటి సెగన పాలు పెట్టి, బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి తలుపు మూసి ఉంది. తోస్తే రాలేదు.

"బుజ్జీ, తలుపు తియ్యమ్మా."

"తియ్యను."

బజార్లో కొట్టు దగ్గరున్న మా ఆయనకి ఫోన్ చేశాను. "ఏవండీ, చంటిది వంటింట్లో గడియ పెట్టేసుకుందండి. స్టవ్ వెలుగుతోంది."

"వడ్రంగిని తీసుకుని వచ్చేస్తున్నా. దాన్ని స్టవ్ దగ్గరికి మాత్రం వెళ్లనివ్వకు" అన్నారు.

పెరటి వైపు కిటికీ దగ్గరికి పరిగెత్తాను. ఊచల్లోంచి అది కనిపిస్తోంది గానీ, చెయ్యి అందదు. "స్టవ్ దగ్గరికి వెళ్లకమ్మా" అన్నాను. అది నా వంక చూసింది. చూస్తూనే మూలనున్న ప్లాస్టిక్ స్టూలు పట్టుకుని స్టవ్ వైపు ఈడ్చడం మొదలుపెట్టింది. గట్టిగా అరవబోతుంటే, వెనకాలే వచ్చిన మావాడు నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నువ్వు మాట్లాడకు. పెద్దచెల్లి చూసుకుంటుంది" అన్నాడు.

తలుపు అవతల నుంచి పెద్దదాని గొంతు వినిపించింది. "బుజ్జీ, ఆ గడియ నేను తీస్తాను. నువ్వు ముట్టుకోకు. అది నా గడియ."

చంటిది స్టూలు వదిలేసింది. "కాదు, నేనే" అంటూ తలుపు దగ్గరికి వెళ్లి కూర్చుంది. గడియ లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. మొహం ఎర్రబడింది. ఇలా తియ్యి, అలా తియ్యి అని చెబితే మానేసి లేచిపోతుందని నాకు తెలుసు. పెద్దదానికీ తెలిసినట్టుంది. ఏమీ పట్టనట్టు తనలో తను మాట్లాడుకుంది. "నేనైతే ముందు పక్కకి తిప్పుతాను. తర్వాత పైకి లాగుతాను."

లోపల చిన్న చేతులు పక్కకి తిప్పాయి. పైకి లాగాయి. టక్కున గడియ వచ్చింది.

నేను చుట్టూ తిరిగి వచ్చి స్టవ్ కట్టేసేసరికి పాలు గిన్నె అంచుదాకా పొంగి ఉన్నాయి. అక్కడే గోడకి జారబడి కూర్చుండిపోయాను. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చంటిది మాత్రం అక్కని బయటికి తోసి, మళ్లీ గడియ పెట్టి తీసి చూపిస్తానంటూ గొడవ. వడ్రంగి వచ్చి ఆ గడియ ఊడదీసేదాకా తలుపు పట్టుకునే కూర్చున్నాను.

భోజనాలయ్యాక పెద్దదాన్ని దగ్గరికి తీసుకుని, "అలా చెప్పాలని నీకెలా తట్టిందే?" అని అడిగాను.

"రోజూ అంతేగా అమ్మా. దానికి జడ వెయ్యాలంటే, ఈ దువ్వెన నాది, ఇవ్వనంటాను. అదే వచ్చి కూర్చుంటుంది."

"మరి మీ వస్తువులు పాడుచేస్తే కోపం రాదా?"

"వస్తుంది" అన్నాడు మావాడు. "నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు తిడతాం. అది కూడా మమ్మల్ని తిడుతుంది."

ఇన్నాళ్లూ వాళ్లు నలిగిపోతున్నారనుకున్నాను. వాళ్ల ముగ్గురికీ నాకు తెలియని ఒప్పందమేదో ఉన్నట్టుంది. గుండెల మీద బరువు దిగిపోయింది. ఆ మధ్యాహ్నం ముగ్గుర్నీ ముందుగదిలో వదిలేసి కాసేపు నడుం వాల్చాను. రంగుపెన్సిళ్ల కోసం కొట్లాట వినిపిస్తూనే ఉంది. నేను లేవలేదు.