తగ్గిందండీ

మా బావ రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం అయిపోయినా తనిఖీ ఆగలేదు. ఒక హోమియో పుస్తకం కొన్నాడు, చెక్కపెట్టె నిండా చిన్న సీసాలు పేర్చాడు, ముందుగదిలో బల్ల వేసుకుని వీధి మొత్తానికీ వైద్యుడై కూర్చున్నాడు. వీధివాళ్లు ఆయన్ని గుళికల ఇన్‌స్పెక్టరంటారు. అది వెక్కిరింతని ఆయనకు ఈనాటికీ తెలియదు.

తలనొప్పని వెళ్తే తల సంగతి అడగడు. ఏ వైపు తిరిగి పడుకుంటావు, కలలో నీళ్లు కనిపిస్తాయా, ఎవరైనా ఓదారిస్తే ఏడుపొస్తుందా, కోపమొస్తుందా? టికెట్ లేనివాణ్ని నిలదీసినట్టే ఉంటుంది. ఆ వైద్యం చదువుకున్నవాళ్లు కూడా ఇలాంటివే అడుగుతారట. కాకపోతే వాళ్లు జవాబు వింటారు. మా బావ మందు ముందే అనుకుని, దానికి సరిపడే జవాబు వచ్చేదాకా వదలడు. దర్జీ చేతి మీది తామర మెడదాకా పాకితే, "మంచిదేనండీ, లోపలి రోగం బయటపడుతోంది," అని అభినందించి పంపాడు. తగ్గితే మందు గొప్ప, పెరిగితే మందు ఇంకా గొప్ప. ఇంత సుఖమైన విద్య లోకంలో మరొకటి ఉంటుందా?

ఆయన మొదటి రోగి మా అక్క. నోట్లో నాలుక లేని మనిషి. మందుకు విరుగుడవుతాయని ఆవిడ చేత కాఫీ మానిపించాడు, ఉల్లిపాయ మానిపించాడు. మోకాలు నొప్పి వచ్చినా, దగ్గు వచ్చినా నాలుక కింద గుళికలు పడేవి. మర్నాడు అక్క "తగ్గిందండీ" అనేది. ఆయన వైద్యమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది. ఎవరైనా అనుమానపడితే, "మా ఆవిడనడగండి," అని వంటింటి వైపు చూపించేవాడు.

ఒకరోజు నేను ఫోన్ చేస్తే బావే తీశాడు. అక్కకు పొట్టలో కుడివైపు కింద నొప్పి అన్నాడు.

"రాత్రి కొంచెం ఎక్కువైందిలే. అంటే మందు పట్టిందన్నమాట."

"ఆస్పత్రికి తీసుకెళ్లండి బావా."

"కోసిపారేయడం తప్ప వాళ్లకేం వచ్చు? ఇందాకే మందు మార్చాను. తగ్గిందంటోంది కూడా."

నాకు నమ్మకం కలగలేదు. ఉన్నపళంగా బయల్దేరాను. వెళ్లేసరికి అక్క మంచం మీద గోడవైపు తిరిగి ముడుచుకుని ఉంది. పెదాలు ఎండిపోయాయి. పొట్ట మీద చెయ్యి వేయబోతే నా మణికట్టు పట్టుకుని ఆపేసింది. బావ పక్కన కుర్చీలో కూర్చుని పుస్తకం తిరగేస్తున్నాడు.

"చన్నీళ్లు తాగాలనుందా, గోరువెచ్చనివా?" అని ఆవిణ్ని అడిగాడు.

ఆయన్ని కొట్టకుండా ఎలా ఆగానో నాకే తెలియదు. పక్కింటి డ్రైవర్‌ని పిలిచి, ఇద్దరం కలిసి అక్కను కారులో పడుకోబెట్టాం. బావ పెట్టె చంకలో పెట్టుకుని ముందుసీట్లో ఎక్కాడు.

అపెండిక్స్ పగిలి చీము పొట్టంతా పాకింది. ఆపరేషన్ చేసి గొట్టాలు పెట్టారు. బతికిందంటే ఆవిడ అదృష్టమేనని చెప్పింది సర్జన్. "అంత నొప్పితో ఉంటే ఇంట్లో ఎందుకుంచారు?" అని అడిగింది.

"తగ్గిందని తనే చెప్పిందండీ," అన్నాడు బావ. సిగ్గులేని మనిషి, ఆ నేరం కూడా అక్క మీదకే తోసేశాడు.

అక్కకు కాస్త ఓపిక వచ్చాక బావ మంచం దగ్గరికి జరిగి, "ఎందుకలా చెప్పావు?" అన్నాడు.

"తగ్గిందంటే మీరు ప్రశ్నలు ఆపుతారని," అంది అక్క. "మీ మందుతో నాకు ఎప్పుడూ ఏదీ తగ్గలేదండీ. ఇన్నేళ్లూ అబద్ధమే చెప్పాను."

ఈ దెబ్బతో మనిషి కూలిపోతాడనుకున్నాను. జాలిపడటానికి కూడా సిద్ధపడ్డాను. ఆయన కాసేపు ఆలోచించాడు. మెల్లగా ముఖం వికసించింది. పెట్టె మూత తీశాడు.

"ఈ అబద్ధాలాడటం ఎప్పట్నుంచి మొదలైంది?" అన్నాడు. "పొద్దున ఎక్కువా, సాయంత్రమా? దీనికి వేరే మందుంది."

అక్క నావైపు తిరిగి నా చెయ్యి పట్టుకుంది.

"ఇక్కణ్నుంచి పంపేశాక నన్ను మీ ఇంటికి తీసుకెళ్తావా?" అంది.