కేకు మాట్లాడుతున్నంతసేపూ

మా మామ్మ పాపాయమ్మ సింహాచలం అప్పన్నకు మొక్కుతుంది, పోలమాంబకు కోడినిస్తుంది, ప్రతి ఏడూ క్రిస్మస్ ముందురోజు కేకు చేస్తుంది. మేము క్రైస్తవులం కాము. పెదజాలరిపేటలో తాతల కాలం నుంచీ వేటకెళ్ళే కుటుంబం మాది. కొత్తవాళ్ళెవరైనా "మీరు చర్చికి వెళ్తారా?" అని అడిగితే మామ్మ వాళ్ళను ఎగాదిగా చూసి, "సేపల పులుసు తిన్నోలంతా జాలరోలేటి?" అంటుంది.

ఆ కేకు పండగ కోసం కాదు. ఐరీసమ్మ కోసం.

ఐరీసమ్మ అంటే మిస్ ఐరిస్ పింటో. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై, వాల్తేరు స్టేషన్ వెనక ఒక పెంకుటింట్లో ఒక్కతే ఉండేదట. తనవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు ఆస్ట్రేలియా వెళ్ళిపోతే, "సముద్రం ఇక్కడా ఉందిగా" అని ఉండిపోయిందట. పెళ్ళైన కొత్తలో మామ్మ ఆ ఇంటికి చేపలమ్మడానికి వెళ్ళింది. తర్వాత గిన్నెలు తోమడానికి కుదిరింది. తర్వాత వంటిల్లే తనదైంది. కేకు చేయడం అక్కడే నేర్చుకుంది. ఐరీసమ్మ ఆమెను "పాపా" అని పిలిచేదట. ఇప్పుడు మామ్మనలా పిలిచేవాళ్ళు లేరు. ఒకసారి నేను పిలిచి చూశాను. చీపురు వచ్చి తగిలింది.

ఐరీసమ్మ పోయి చాలా కాలమైంది. ఆ పెంకుటిల్లు ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంటు ఉంది. ఆమె వస్తువుల్లో మా ఇంటికి వచ్చినవి రెండే: కేకు డబ్బా, పేము కుర్చీ.

మా ఇళ్ళల్లో పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, ఆకులో వడ్డించి, తలుపులు బార్లా తీసి, కాసేపు అందరం మాటల్లేకుండా బయట కూర్చుంటాం. వాళ్ళొచ్చి తిని వెళ్ళాకే మేం తింటాం. ఐరీసమ్మకు పెట్టేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి మామ్మ పెడుతుంది. ఆమెకు బూరెలు పెడితే ఏం చేసుకుంటుంది? కేకే పెట్టాలి. అందులోనూ మధ్య ముక్క. పెద్దలకు పెట్టేది పచ్చిగా ఉండకూడదు. మామ్మకున్న నియమం అదొక్కటే, దానికోసం ప్రాణం పెడుతుంది.

డిసెంబరు రాగానే ఆమె పూర్ణా మార్కెట్‌కు బయలుదేరుతుంది. నన్ను సంచీలు మోయడానికి తీసుకెళ్తుంది. కిస్‌మిస్ కొరికి చూస్తుంది, జాజికాయను చెవి దగ్గర ఆడించి చూస్తుంది, కొట్టువాడు విసుక్కుంటే వాడి తండ్రి కాలం నుంచీ కథలు మొదలెడుతుంది. ఇంటికొచ్చాక ఆ పళ్ళన్నీ రమ్ములో నానబెడుతుంది. ఆ సీసాను మా నాన్న అప్పలరాజు కంటపడకుండా బియ్యం డబ్బాలో పాతిపెడుతుంది. మా నాన్న వలలో పడ్డ చేపనైనా వదులుతాడు గాని ఆ సీసాను వదలడు. అందుకే మా కేకులో ఒక్కో ఏడాది రమ్ము వాసన ఎక్కువ, ఒక్కో ఏడాది టీ డికాషన్ వాసన ఎక్కువ.

కాల్చేది పెరట్లో. పెద్ద డేగిసాకు పసుపు రాసి బొట్టు పెడుతుంది. అడుగున ఇసుక పోసి, మీద ఇనప స్టాండు, దానిమీద కేకు డబ్బా. పైమూత మీద నిప్పులు. కింద సరుగుడు పుల్లలు ఒక్కొక్కటిగా పెడుతూ, సెగ ఎగదోయకుండా, మధ్యాహ్నం మొదలుపెడితే దీపాలవేళ దాకా కూర్చుంటుంది. ఆ పక్కనే ఖాళీగా పేము కుర్చీ. ఆ రోజు దాంట్లో ఎవరూ కూర్చోకూడదు. చిన్నప్పుడు నేను ఎక్కి కూర్చుంటే మామ్మ నన్ను రెక్కపట్టి దించి, కుర్చీని కొంగుతో తుడిచి, "గుంటది, తెలీక కూకుంది" అని దానికి సర్దిచెప్పింది. అప్పట్నుంచీ ఆ కుర్చీ అంటే నాకు నవ్వూ భయమూ రెండూను. సముద్రం గాలికి దాని పేము బిగుసుకొని కిర్రుమంటుందని నాకు తెలుసు. తెలిసినా, ఆ రోజు కిర్రుమంటే అటు చూడను.

మామ్మకు గడియారంతో పనిలేదు. మూత జరిపి, చెవి కేకు మీదకు వంచి వింటుంది. లోపల తడి ఉన్నంతసేపూ కేకు సన్నగా గుసగుసలాడుతూ ఉంటుంది. అది నోరు మూసుకుంటే ఉడికినట్టు. "మాట్లాడతన్నప్పుడు ఎవుల్నీ లేపకూడదే" అంటుంది.

మా మేనత్త కొడుకు ఉమామహేష్ బావ మధురవాడలో ఐటీ ఆఫీసులో పనిచేస్తాడు. నిరుడు మామ్మకు కరెంటు ఓవెన్ కొనిచ్చాడు. గంటలోపే కేకైపోతుందని, అదే గంట కొట్టి చెబుతుందని వివరించాడు. మామ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలుపు గట్టిగా పడుతోందని మెచ్చుకొని, అందులో ఎండురొయ్యలు దాచుకుంది.

"అమ్మమ్మా, అది కేకు కోసం!" అన్నాడు బావ.

"మంచిదేరా నాయినా. పిల్లి ముట్టదు," అంది మామ్మ.

ఆ ఓవెన్‌ను ఇప్పుడు దేనికీ వాడలేం.

ఈ ఏడాది డిసెంబరు మొదట్లో నాకొక అనుమానం వచ్చింది. మామ్మ అంట్లు తోముతోంది. నేను వెనక నిలబడి, ఊరికే కవ్వించడానికి, "ఒలే ముసిలీ, నీ రమ్ము సీసా నానే తాగీసినాను" అన్నాను. తిరగలేదు. కొంచెం గట్టిగా మళ్ళీ అన్నాను. తిరగలేదు. మామూలుగా అయితే నా వీపు మీద గరిటె మోగాలి. చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. నా పెదాలు చూసి, "ఏటే? ఆకలేత్తందా?" అంది.

అన్నాళ్ళూ ఆమె నా మొహం వంక అంత శ్రద్ధగా చూస్తుంటే ముద్దొచ్చి చూస్తోందనుకున్నాను. పెద్ద గొంతులు వింటోంది. సన్నవి ఎప్పుడో జారిపోయాయి. కేకు మాట్లాడేది సన్నగానే.

ఎవరికీ చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు.

ఇరవై నాలుగో తారీఖున మామూలుగానే పొయ్యి రాజేసింది. అమ్మా నాన్నా వలలు బాగుచేయడానికి హార్బరుకు వెళ్ళారు. పొద్దు వాలుతుండగా ఉమామహేష్ బావ బండి మీద దిగాడు. మధురవాడలో స్నేహితుల ఇంట్లో క్రిస్మస్ పార్టీ అట. మా అమ్మమ్మ చేసిన కేకు తెస్తానని గొప్పలు చెప్పుకొచ్చాడట. పెరట్లోకి వస్తూనే, "అయిందా అమ్మమ్మా? బేగి ఇచ్చీ, ట్రాఫిక్ పెరిగిపోద్ది" అన్నాడు. తాళాలు వేలికి తిప్పుతున్నాడు.

మామ్మ మూత జరిపింది. చెవి వంచింది. ఎప్పటిలాగే కళ్ళు మూసుకుంది. నేను పక్కనే ఉన్నాను. నాకు వినిపిస్తూనే ఉంది, తడి ఇసుకలో పీత నడిచినట్టు సన్నగా. మామ్మ చాలాసేపు అలాగే వంగి ఉంది. లేచి, బావ మొహం చూసింది. నా మొహం చూసింది. పొయ్యి వంక చూసింది. ఆమె చెయ్యి గుడ్డ కోసం వెళ్ళి, మధ్యలో ఆగిపోయింది.

"అయిపోయింది, తీసీ అమ్మమ్మా. వాసన సూడు ఎలగొత్తందో," అన్నాడు బావ.

"ఏటే సాయిదుర్గా," అంది మామ్మ. నా పెదాల మీదే ఉంది చూపు. "అయినట్టేనా?"

ఎప్పుడూ ఎవర్నీ ఆ మాట అడగని మనిషి. ఔనంటే అయిపోతుంది. నాకు అబద్ధాలు కొత్త కాదు. పదో తరగతి లెక్కల పరీక్ష పోయిందని ఇంట్లో చెప్పడానికి నాకొక వేసవి పట్టింది. ముద్దుగా ఒక అబద్ధం చెబితే మామ్మ సంతోషిస్తుంది, బావ వెళ్ళిపోతాడు. కాని పక్కన ఆ కుర్చీ ఉంది.

"లేదు మామ్మా," అన్నాను గట్టిగా. "ఇంకా మాట్లాడతంది. నీకు ఇనిపించట్లేదు గదా?"

బావ చేతిలో తాళాలు ఆగాయి. మామ్మ మూత మళ్ళీ పెట్టేసి, నేలమీద చతికిలబడింది.

"దీపావళి బాంబులే సిటపటలాడినట్టు ఇనిపించినాయి," అంది. "ఇంకా దీని మాటేటి ఇంతాను."

"మరి సెప్పలేదేటి?" అన్నాడు బావ.

"సెప్తే ఏటి సేత్తావు? గంట కొట్టే సెవులు కొనిత్తావా?"

నవ్వబోయాం. ఆమె నవ్వలేదు. కుర్చీ వంక చూస్తోంది.

ఐరీసమ్మ చివరి కేకు కథ మామ్మ ప్రతి క్రిస్మస్‌కూ చెబుతుంది. ఆ కేకు మధ్యలో పచ్చిగా ఉండిపోయిందన్నంతవరకు కథ మారదు. ఎందుకన్నదే మారుతుంది. ఒక ఏడు వాన పడిందంటుంది. ఒక ఏడు పుల్లలు తడిశాయంటుంది. హుద్‌హుద్ తుఫానుకు మా ఇంటి రేకులు లేచిపోయిన ఏడు, పట్టా కింద కేకు కాలుస్తూ, ఆ రోజు కూడా ఇలాంటి గాలేనంది. నేనా సాకులన్నీ గుర్తుపెట్టుకొని, "ఈ ఏడు ఎవురిమీదకి తోత్తావే?" అని ఏడిపించేదాన్ని. ఈ ఏడు నేనడగలేదు. తనే చెప్పింది.

"వానా లేదు, ఏటీ లేదు. ఆరోజు మీ తాత బోటుకి వంజరాలు పడ్డాయని కబురొచ్చింది. ఒడ్డుకెల్లిపోవాల. మనసంతా అక్కడే ఉంది. సెవి పెట్టి ఇన్నాను. మాట్లాడతంది. బాగానే ఇనిపించింది నాకు, అప్పుడు పాము సెవులు నావి. ఇనీ తీసీసినాను."

బావ నెమ్మదిగా ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఆయమ్మ మంచం మీదుంది. ఊపిరి అందట్లేదు. మజ్జ ముక్క నోట్లో ఎట్టాను. పిండి పిండిగా ఉంది, నాకు తెలుత్తంది. ఒక్క మాట అనలేదు. అంతా నమిలి మింగింది. 'బాగుంది పాపా. నువ్వెల్లు, బోటొచ్చింది గదా' అంది. తెల్లారి నానెల్లేతలికి ఇంకేటుంది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తిడితే బాగుణ్ణు. పచ్చిగుందే దొంగముండా అని తిడితే ఆ రోజే మర్సిపోదును. బాగుందంది. అదే ఇనిపిత్తాది నాకు. మీ మాటలు ఇనపడవు గాని, అది ఇనిపిత్తాది."

డేగిసా లోపల గుసగుస సాగుతూనే ఉంది. రోడ్డు మీద క్రిస్మస్ పాటలు పెట్టుకొని ఒక ఆటో వెళ్ళింది. బావ ఫోను రెండుసార్లు మోగింది. మూడోసారి మోగినప్పుడు దాన్ని తీసి, బండి తాళాలతో కలిపి అరుగు మీద పెట్టేసి వచ్చాడు. సరుగుడు పుల్ల ఒకటి తీసుకొని, "ఇలగేనా అమ్మమ్మా?" అని పొయ్యిలోకి తోశాడు.

"ఒరే, కేకు కాలుత్తన్నావా, శవాన్ని కాలుత్తన్నావా? సగం బయటికి లాగు," అంది మామ్మ. గొంతు కొంచెం తేరుకుంది.

అలా కూర్చున్నాం. మామ్మ పుల్ల సర్దడం, నేను చెవి వంచడం, తల అడ్డంగా ఊపడం. మూతమీద నిప్పులు నల్లబడితే కొత్తవి వేయడం. వెలుగు తగ్గి సముద్రం రంగు పోయింది, చప్పుడు మాత్రం మిగిలింది. అన్నిసార్లు వంగేసరికి నాకు కేకు గుసగుసలో మాటలున్నట్టే అనిపించసాగింది. ఎవరో ముసలామె పక్కగదిలో తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. ఆ సంగతి బావకు చెప్పలేదు. చెబితే ఆఫీసంతా నవ్వుతారు.

తర్వాత ఒకసారి వంగితే ఏమీ లేదు. ఊపిరి బిగబట్టి విన్నాను. బావనూ వినమన్నాను. ఏమీ లేదు. నేను భయపడాల్సిన పని లేదు, కేకే కదా. అయినా కుర్చీ వైపు చూడకుండా మామ్మ దగ్గరికి జరిగాను.

"మానేసింది మామ్మా."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

"నా మీద కాదే, నాను రేపోమాపో పోయేదాన్ని. నీ మీద ఎట్టుకో."

నా తలమీదే చెయ్యి పెట్టుకొని ఒట్టు వేశాను. అప్పుడు తీసింది. చల్లారేదాకా ఎవర్నీ ముట్టనివ్వలేదు. మధ్య ముక్క కోసి, అరిటాకు ముక్కలో పెట్టి, కుర్చీ ముందు పెట్టింది. పెరటి తలుపు బార్లా తీసింది. ముగ్గురం అరుగు మీదకు వెళ్ళి, వీపులు అటు పెట్టి కూర్చున్నాం. బావ కూడా నోరెత్తలేదు.

కాసేపటికి లేచి వెళ్ళాం. ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. మామ్మ దాన్ని తీసి నా చేతిలో పెట్టి, నా నోటి వంక చూస్తూ నిలబడింది.

"సెప్పు."

నమిలాను. జాజికాయ, రమ్ము, కొంచెం పొగ. మధ్యలో మెత్తగా, పొడిగా, పూర్తిగా ఉడికింది. "అడుగు మాడింది," అన్నాను. "రమ్ము తక్కువ, నాన్న తాగీసినాడు. మజ్జ మాత్రం ఉడికింది మామ్మా. ఎక్కడా పచ్చి లేదు."

మామ్మ నా చెంప మీద చిన్నగా కొట్టింది. "మాడిందటమ్మా, మాడింది," అని గొణిగింది. ఆమె కళ్ళు నిండిపోయాయి. నన్ను చూసి కాదు.

అప్పుడే మా వెనక కుర్చీ కిర్రుమంది. చాలా సన్నగా, ఎప్పుడూ అనేట్టే. బావకు వినపడలేదు, డబ్బాలో మిగిలింది గోకుతున్నాడు. నేను అటు చూడలేదు. గాలి, పేము, అంతే అనుకున్నాను.

దీపావళి బాంబులే సరిగ్గా వినపడని మామ్మ తల తిప్పింది.

"కూకోండి అమ్మగారూ," అంది. "ఈపాలి బోటేటీ రాలేదు."