మెట్ల కింద పడవ ఇంజను

దిల్‌సుఖ్‌నగర్ టిఫిన్ సెంటర్లలో రెండోసారి వేసే చట్నీ గురించి ఎవరూ ఏమీ రాయలేదు. మొదటిసారి వేసేది చట్నీ, రెండోసారి వేసేది దాని జ్ఞాపకం. దీని మీద ఒక ఉద్యమం రావలసింది. కానీ అప్పటికే తెలంగాణ ఉద్యమం నడుస్తోంది, జనానికి తీరిక లేదు.

నాకు మాత్రం ఉండేది. బంద్ రోజు మా ఆఫీసు తలుపు తీసేవారు కాదు.

ఎల్‌బీ నగర్‌లో మేం కిరాయికున్న ఇంట్లో మెట్ల కింద జాగా నా స్కూటరుది. ఇల్లు చూపించిన రోజు ఓనరే అన్నాడు ఆ మాట. ఆయనది కాకినాడ వైపు. వానాకాలం మొదట్లో అక్కడినుంచి ఆయన తమ్ముడి పడవ ఇంజను లారీలో వచ్చి ఆ జాగాలో దిగింది. పడవ వెనక తగిలించే రకం, బాగా పాతది. నా స్కూటరు వానలోకి వెళ్లింది. అడిగితే ఓనరు ఎంతో మర్యాదగా చెప్పాడు.

"స్టార్టవ్వట్లేదండీ. అయిన మర్నాడే అమ్మేస్తాను."

ఆ ఇంజనును నడిపించి మరీ ఇంట్లోంచి వెళ్లగొట్టాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను. శత్రువుకు ఆరోగ్యం బాగుచేయడం కూడా పగ తీర్చుకునే పద్ధతే.

తర్వాతి బంద్ రోజున వాకిట్లో డ్రమ్ములో నీళ్లు నింపి, అడ్డంగా వేసిన చెక్కకు, అడుగుభాగం నీళ్లలో మునిగేలా ఇంజను బిగించాం.

"నేను చూస్త సార్," అన్నాను.

"మీరా? ఇది మగ్గం కాదండీ."

మా తాత పోచంపల్లిలో నేత నేశాడని ఆయనకు చెప్పింది నేనే. ఆయన అన్న మాటను భద్రంగా దాచుకున్నాను.

తాడు లాగాను. ఉలుకూ పలుకూ లేదు. మొండికేసిన స్కూటరును ఒక పక్కకు ఒంచి కిక్కు కొట్టడం మా ఊళ్లో అందరికీ తెలిసిన వైద్యం. చెయ్యి అలవాటు కొద్దీ ఇంజనునూ ఒంచాను. డ్రమ్ములో నీళ్లు నా ప్యాంటు మీదికి వచ్చాయి.

"కల్లు కుండ వంచినట్టు వంచుతారేంటండీ," అన్నాడు ఓనరు.

అదీ దాచుకున్నాను.

పెట్రోలు నిలవదై ఉంటుందని పారబోశాను. బంకులు బంద్. ఇలాంటి ఇంజను ఆయిల్ కలిపిన పెట్రోలే తాగుతుంది; నా స్కూటరు పెట్రోలులో ఆయిల్ ఎలాగూ కలిసే ఉంటుంది కాబట్టి, పైపు పెట్టి అదే తీశాను. తనను వానలో నిలబెట్టినదానికి నా స్కూటరే తిండి పెట్టింది. అయినా లాభం లేదు. ప్లగ్గు విప్పి చూస్తే నిప్పురవ్వ బాగానే వస్తోంది, కానీ ప్లగ్గు మాత్రం పొడిగా ఉంది. అంటే పెట్రోలు అందడం లేదు. ట్యాంకునుంచి ఇంజనుకు పెట్రోలు తోయడానికి పైపు మధ్యలో ఉండే రబ్బరు బుడ్డిని ఎంత పిసికినా గట్టిపడలేదు. పైగా పిసికినప్పుడల్లా ట్యాంకులో బుడబుడమని చప్పుడు.

వంగి చూశాను.

"ఈ బుడ్డి ఎవరు పెట్టిండ్రు సార్?"

"నేనేనండీ. పాతది చిట్లితే కొత్తది వేశాను."

"బాణం గుర్తు ట్యాంకు దిక్కుంది. పెట్రోల్ ఇంజన్‌కు పోతలేదు సార్. వాపస్ సొంతూరికి పోతాంది."

ఆయన నవ్వలేదు. స్కూటరు వానలోకి వెళ్లిన రోజునుంచీ నేను ఎదురుచూసింది ఆ నవ్వకపోవడం కోసమే.

బుడ్డి తిప్పి బిగించి, గట్టిపడేదాకా పిసికి, తాడు లాగాను. రెండో లాగుకే ఇంజను అందుకుంది. బంద్ నిశ్శబ్దంలో ఆ మోతకు వీధంతా బయటికి వచ్చింది. పొగలో నిలబడి నేను స్కూటరు స్టాండు తీశాను.

"మరి రేపు అమ్ముతున్నరు గద సార్?"

ఆయన ఇంజను నెత్తిమీద చెయ్యి వేసి నిమిరాడు.

"శుభ్రంగా పనిచేసేదాన్ని ఎవడమ్ముకుంటాడండీ?"