పిల్లలకోడి కోసం బాపట్ల వెళ్ళాం, పున్నమినాడు

రేపల్లెలో ఉండే మా ఆడపడుచుని నేను వదినా అనే పిలుస్తాను. ఆవిడకి నీటికాసుల జబ్బు. చూపు పక్కల నుంచి మూసుకొస్తోందని, పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పేశారు. అప్పుడావిడ ఒక్కటే అడిగింది. చిన్నప్పుడు డాబా మీద పడుకుని చూసిన పిల్లలకోడిని, అదే కృత్తికలంటారే ఆ చుక్కల గుంపుని, ఒక్కసారి టెలిస్కోపులో చూడాలని. బాపట్ల నుంచి సూర్యలంక వెళ్ళే దారిలో రిటైరైన మాస్టారొకరు మేడ మీద గుండ్రటి గది కట్టి, టెలిస్కోపు పెట్టి, అడిగినవాళ్ళకి ఊరికే చూపిస్తారు. ఫోన్ చేస్తే అమావాస్య చూసుకుని రమ్మన్నారు.

నాకు మనసొప్పలేదు. చూపు ఆనని మనిషిని అమావాస్యనాడు గడప దాటించడమా? ఏదన్నా అయితే నేనెవరికి జవాబు చెప్పాలి? ఐదో తరగతితో ఆగిన చదువు నాది, ఆయన అమావాస్యే ఎందుకన్నారో ఆలోచించలేదు. మంచిరోజని ఫాల్గుణ పున్నమి ఖాయం చేశాను. మళ్ళీ ఫోన్ చేస్తే వాళ్ళావిడ ఎత్తి, సాయంత్రం ఇంట్లోనే ఉంటామండి రండి అన్నారు. అంతే చాలనుకున్నాను.

వదిన ముందురోజే రైల్లో తెనాలిలో మా ఇంటికి వచ్చింది. తిరుగులో ఆవిడని రేపల్లెలో దింపడంతో కలిపి కారు కిరాయి మూడున్నర వేలు. పొద్దున తొమ్మిదింటికి పెరుగన్నం, వాంతుల మాత్రలు, టార్చిలైటు, దానికి వేరే బ్యాటరీలు, గొడుగులు ఎక్కిస్తుంటే డ్రైవరు చూసి, "మామ్మగారూ, బాపట్లకేనాండి, కాశీకా?" అన్నాడు.

"ఇది పక్కవీధికెళ్ళినా ఇంతేనయ్యా" అంది వదిన.

ముందు చేబ్రోలు వెళ్ళాం. అక్కడి బ్రహ్మ గుడిలో శివలింగానికి నాలుగు పక్కలా బ్రహ్మ ఉంటాడు. పాత గుళ్ళ స్తంభాల మీది బొమ్మల్ని వదిన చేత్తో తడిమి చూసింది. పొన్నూరు మీదుగా మధ్యాహ్నానికి బాపట్ల చేరి, నీడన బండి ఆపుకుని పెరుగన్నం తిన్నాం. భావనారాయణస్వామి గుడి మధ్యాహ్నం మూసేస్తారు, సాయంత్రం తెరిచాక వెళ్ళాం. గర్భగుడిలో వదినకి స్వామి ఆనలేదు. పూజారిగారు హారతి దగ్గరగా పెట్టి రెండోసారి చూపించారు. మెట్లు దిగుతూ, రాత్రికి చుక్కలు మాత్రం కనబడాలి సీతా అంది.

మాస్టారింటికి వెళ్ళేసరికి చీకటిపడింది. చీకటంటే ఏం చీకటి, మేడంతా వెన్నెల. మమ్మల్ని చూసి ఆయన నొచ్చుకున్నారు. "ఇంత వెలుగులో సన్నచుక్కలు ఆనవు అక్కగారూ. అందుకేగా అమావాస్యన్నాను" అన్నారు. అయినా పాపం టెలిస్కోపు పడమటి వైపు తిప్పి, గంటసేపు సరిచేసి చూపించారు. వదిన కళ్ళకి ఆ వెలుగులో ఏమీ విడిపడలేదు. పోనీ వచ్చే అమావాస్యకి వస్తామన్నాను. ఆ అమావాస్యకి ఆయన ఊళ్ళో ఉండరట, ఆపై అమావాస్యకి పిల్లలకోడి పొద్దుగూకగానే పడమట దిగిపోతుందట, మళ్ళీ తీరిగ్గా చూడాలంటే కార్తీకం దాకా ఆగాలట. చెరుకుపల్లి మీదుగా రేపల్లె వెళ్తున్నంతసేపూ వదిన నన్ను పల్లెత్తు మాటనలేదు. అంటే బాగుండేది.

కార్తీక అమావాస్యకి, ఏ తిథీ వారమూ అడక్కుండా, మళ్ళీ తీసుకెళ్ళాను. ఈసారి మేడమెట్లు చెయ్యి పట్టుకుని ఎక్కించాల్సొచ్చింది. మాస్టారు అంతా సరిచేసి పెట్టారు. వదిన కన్ను ఆనించి చాలాసేపు నిలబడింది. తర్వాత పక్కకి జరిగి, "నువ్వు చూసి చెప్పవే" అంది.

చూశాను. ఎన్నున్నాయే అని అడిగింది.

"లెక్కపెట్టలేను వదినా. బోలెడున్నాయి."

"మా చిన్నప్పుడు ఆరే కనబడేవి" అంది. నేను అద్దం మీంచి కన్ను తియ్యలేకపోయాను. తీస్తే ఆవిడ మొహం చూడాలి.

అమావాస్య అమావాస్య అని నేను భయపడ్డాను కానీ ఆ రోజు మాకేమీ కాలేదు, సుఖంగా వెళ్ళి సుఖంగా వచ్చాం. జరగాల్సిందంతా ఆ పున్నమికీ ఈ అమావాస్యకీ మధ్య, ఇంట్లో కూర్చుని ఉండగానే జరిగిపోయింది. ఇప్పుడు పంచాంగం తీస్తే చిరాకొస్తోంది, తియ్యకపోతే భయమేస్తోంది.

మీరూ ఇలా చుక్కలు చూడ్డానికి వెళ్ళాలనుకుంటే, ఏ రోజు రావాలో చూపించే ఆయన్నే అడగండి. ఆయన చెప్పిన రోజు మీకు మంచిది కాదనిపిస్తే ఎందుకా రోజని ఇంకోమాట అడగండి, అంతేగాని మీ అంతట మీరు మార్చకండి.